ఆ ఐదు ప్రశ్నలు

“బాపు పోయిండే,” అని మా లెక్కల సారు కూతురు నిన్న పొద్దున్నే ఫోన్ చేసింది. యాచారంలో నా క్లాసు పిల్లలకు అప్పుడే పరీక్ష పేపర్లు పంచుతున్నాను. వాటిని పక్క టీచరుకిచ్చి, సారు ఊరికి, ఇబ్రహీంపట్నం బస్సెక్కాను.

సారు తన ఇంటి వరండాలో పొద్దున ఒక బ్యాచ్‌కి, సాయంత్రం ఒక బ్యాచ్‌కి లెక్కలు చెప్పేవారు. పెద్ద పరీక్షల్లో నార్మలైజేషన్ అంటారే, అలాంటిదే ఆయనా చేసేవారు. రెండు బ్యాచ్‌లకూ వేర్వేరు పేపర్లు ఇచ్చి, ఐదు ప్రశ్నలు మాత్రం రెండింటిలోనూ ఒకటే పెట్టేవారు. వాటిని ఎవరెలా చేశారో చూస్తే, మార్కులు పేపరు కష్టమై తగ్గాయా, పిల్లలు చదవక తగ్గాయా తేలుతుందట. దాన్నిబట్టి మార్కులు సరిచేసేవారు. మార్కులు కలిసినవాళ్లు మురిసిపోతే కసురుకునేవారు.

“నేనేం కలపలే బిడ్డా. పేపర్ తిన్న మార్కులు వాపస్ ఇచ్చిన.”

ఒకసారి సిటీ కోచింగ్ వాళ్లు మాకు ఒకే ఒక్క ఉచిత సీటు ఇస్తామన్నారు. పరీక్ష పెట్టి, మరునాటి సాయంత్రంలోగా పేరు చెప్పాలి. అది రాకపోతే నా చదువు అక్కడితో ఆగిపోతుంది. పొద్దుటి బ్యాచ్‌లో నేను ఫస్టు, సాయంత్రం బ్యాచ్‌లో సారు కూతురు. మార్కులు సరిచేస్తే ఆమె నన్ను దాటిపోయింది.

సారు మాత్రం పేపర్లు వదల్లేదు. మామూలు లెక్కలే రాని సాయంత్రం పిల్లలు ఆ ఐదూ ఎట్లా చేశారు? నన్ను పిలిచారు.

“నిన్న బస్టాండ్ల ఏం ముచ్చట పెట్టిండ్రే మీరు?”

“ఏమొచ్చినయని సాయంత్రం బ్యాచోళ్లు అడిగితే మావోళ్లు అన్నీ చెప్పిండ్రు సార్.”

అన్నీ చెప్పినా పనికొచ్చింది ఆ ఐదే. ఏ ఐదో చెప్పినవాళ్లకూ తెలీదు, విన్నవాళ్లకూ తెలీదు. వాటివల్ల ఆ బ్యాచంతా మాకంటే తెలివైనదిగా, మిగతా మార్కులు పేపరు కష్టమై తగ్గినట్టుగా కనిపించి, మార్కులు ఎక్కువ కలిశాయి. మళ్లీ పరీక్ష పెట్టే టైం లేదు. సారు నెత్తి పట్టుకున్నారు.

“నాకెవ్వలు చెప్పలే బాపూ,” అంది కూతురు గడపలో నిలబడి.

“ఎరుకే బిడ్డా. కానీ కొల్త చెడిపోయింది. డౌట్ ఉన్నకాడ లాభం నా ఇంటికి రావద్దు.”

సారు నా పేరే పంపారు. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. ఆ సీటుతోనే నేను టీచరునయ్యాను, ఆయన మేలు మరచిపోలేను.

నిన్న వరండాలో సారును చాప మీద పడుకోబెట్టారు. పక్కన కూతురు. ఇన్నేళ్లలో మేమిద్దరం ఆ సీటు మాటెత్తలేదు. నన్ను చూడగానే ఆమే ఎత్తింది.

“మా పేపర్ నిజంగనే కష్టముండెనే. బాపుకూ గట్లనే అనిపిచ్చింది. సూపెట్టే దారే లేకపాయె.”

ఆమె కళ్లు తుడుచుకుని, కొంచెం పక్కకు జరిగి, సారు తల దగ్గర నాకు చోటిచ్చింది.