బోల్టు చిల్లులో రేకు ముక్క

బాపు పోయాక నేనూ మా తమ్ముడూ ఉన్నవన్నీ పంచుకున్నాం. చెరి రెండెకరాల చెలక, చెరొక బర్రె, చెరి సగం ఇల్లు. బియ్యం డబ్బా నాకు వస్తే దాని మూత వాడికి పోయింది. పంచలేనివి రెండే మిగిలాయి: ట్రాక్టరు, దాని వెనక తగిలించుకునే గుంతల మిషన్. మిషన్‌ను నిలువునా కోసి చెరి సగం ఇమ్మని మా తమ్ముడు వెల్డింగు షాపులో అడిగాడని నేను ఊరంతా చెప్పాను. వాడు అడగలేదు. అడగగల మనిషే కాబట్టి అందరూ నమ్మారు. చివరికి పెద్దమనుషులు నెల నాకు, నెల వాడికి అని తీర్పు చెప్పి చాయ్ తాగి లేచారు. చెడిపోతే ఎవరు బాగుచేయించాలో మాత్రం వాళ్ళు చెప్పలేదు, మేమూ అడగలేదు.

గుంతల మిషన్ చూడనివాళ్ళ కోసం చెబుతాను. మనిషి ఎత్తు బర్మా ఒకటి ఉంటుంది. ట్రాక్టరు తిప్పితే అది గిరగిరా తిరుగుతూ భూమిలోకి దిగుతుంది. ఆ గుంతల్లో రాతి కడీలు పాతి తీగ లాగితే కంచె అవుతుంది. పైన ఇరుసు, దాని మీదికి తొడిగిన బర్మా గొట్టం, రెండింటినీ కలిపి అడ్డంగా పట్టుకునే బోల్టు ఒక్కటే. కొత్తలో ఆ బోల్టు నా చిటికెన వేలంత ఉండేది. అది కదిలి కదిలి చిల్లు అరిగింది. బాగుచేయిస్తే తర్వాతి నెల సుఖపడేది తమ్ముడు కదా అని, నేను చిల్లు పెద్దది చేసి ఇంకో నంబరు లావు బోల్టు వేశాను. వాడి నెలలో అదీ వదులైంది. వాడు ఇంకో నంబరు పెంచాడు. అలా పెరిగి పెరిగి ఆ చిల్లులో పిచ్చుక గూడు కట్టిందనీ, బర్మా తిరుగుతుంటే పిల్లలకు కళ్ళు తిరిగి కింద పడ్డాయనీ నేను చెప్పుకునేవాణ్ణి. పిచ్చుకల సంగతి వదిలేయండి. గొట్టానికి చిల్లు చుట్టూ వేలెడు ఇనుము కూడా మిగల్లేదన్నది నిజం.

మా తమ్ముడు తన రెండెకరాలు ప్లాట్లు చేసి అమ్మే వెంచర్ వాళ్ళకు అమ్మేశాడు. నా రెండెకరాల్లో నేను వంకాయ, బెండకాయ పండించుకుంటూ మిగిలాను. వాడి చెలకకూ నా చెలకకూ నడుమ హద్దుగా గెట్టు, గెట్టు మీద సీతాఫలం చెట్లు ఉండేవి. ఎవరూ పాతినవి కావు, వాటంతట అవే మొలిచినవి. వెంచర్ వాళ్ళు భూమి సాపు చేస్తూ ఒక్కో వైపు నుంచీ వస్తున్నారు. వాళ్ళ జేసీబీ గెట్టు తాకేలోపు నేను కడీలు పాతుకోవాలి. గెట్టు పోతే నా భూమి ఎక్కడిదాకానో చూపించడానికి నా దగ్గర నా నోరు తప్ప ఇంకేమీ ఉండదు. నా నోటి విలువ మా ఊళ్ళో అందరికీ తెలుసు.

నా నెల మొదలైన పొద్దునే ట్రాక్టరు తీసుకుని పోయాను. మొదటి గుంత మోకాలి లోతు దిగిందో లేదో, టప్పుమని చప్పుడు. పైన ఇరుసు తిరుగుతూనే ఉంది, కింద బర్మా మాత్రం మొరంలో నిలబడి నన్నే చూస్తోంది. బోల్టు తెగింది. చిల్లు గుండ్రంగా లేదు, కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయింది.

అప్పుడే అవతలి పక్క జేసీబీ వచ్చి ఆగింది. డ్రైవరు ఎవరో కొత్తవాడు.

"అన్నా, జర పక్కకు జరుగు. గెట్టు దాకా సాపు చెయ్యమన్నడు సూపర్వైజరు."

"చెయ్యి తమ్మీ, నాకేంది?" అన్నాను. "కానీ గెట్టు కింద గ్యాస్ పైపున్నది. నీకు ఎరుకే కదా?"

"గ్యాస్ పైపా?"

"ఆదిభట్లల ఇమానాల కంపిన్లకు పోయే పైపు. ముందుగాల మా బాపు ఎడ్లబండి చక్రం జర తగిలింది. బండి ఒక దిక్కు, చక్రం తుమ్మచెట్టు మీద."

"మరి ఎడ్లు?"

"ఎడ్లు బతికినయ్. కానీ చెవులు పోయినయ్. గప్పటి నుంచి ఎంత అదిలిచ్చినా కదలకపోయేటివి."

డ్రైవరు నోట్లో ఉన్న బీడీ తీసి చెప్పు కింద నలిపాడు. జేసీబీ మెల్లగా వెనక్కి పోయింది. నా జీవితంలో నేను చెప్పిన కథల్లో ఏదీ అంతగా పనికి రాలేదు. ఆ ధైర్యంతోనే బర్మా ఊడదీసి, మిషన్‌తో సహా ఇబ్రహీంపట్నం బయలుదేరాను.

బస్సు డిపో దాటాక ఉన్న వెల్డింగు షాపాయన నాకు పాత దోస్తు. వంగి చూసి గట్టిగా నవ్వాడు.

"ఇది చిల్లా అన్నా, దర్వాజనా? తలుపులు పెట్టియ్యాలె?"

"పెట్టు. గడప మాత్రం నా దిక్కు పెట్టు."

"ఇద్దరన్నదమ్ములు ఒక్క ఇనుప ముక్కను ఇంత తిన్నోళ్ళను నేనెన్నడు సూడలే." అంటూనే సుత్తితో విరిగిన బోల్టు ముక్కను బయటికి కొట్టాడు. దాని వెంట మడతపెట్టిన రేకు ముక్క ఒకటి కిందపడింది. బోల్టు ఊగకుండా సందులో దిగ్గొట్టిన రేకు. నేను పెట్టింది కాదు. విప్పి చూస్తే నీలం రంగు, దాని మీద పసుపు అక్షరం సగం. మా చెలక పక్కన వెంచర్ వాళ్ళు నిలబెట్టిన బోర్డులన్నీ నీలం మీద పసుపే.

ఫోన్ చేశాను.

"నువ్వు వెంచర్ల గుంతలు తీసినవారా?"

"తీసిన. నా నెలల నా ఇష్టం," అన్నాడు తమ్ముడు.

"మన గెట్టు దిక్కు గూడ తీసినవా?"

"ఆళ్ళు హద్దుకు ముగ్గు ఏసిన కాడ తీసిన. ముగ్గు నేనేసిన్నా?"

"ముగ్గు గెట్టుకు ఇవతల ఉన్నదా, అవతల ఉన్నదా?"

"నువ్వు గూడ అమ్మెయ్యరాదే అన్నా. ఎన్ని దినాలు ఆ వంకాయలు?" అని ఫోన్ పెట్టేశాడు.

వెంటనే వెనక్కి పోవలసింది. బర్మా లేకుండా పోయి ఏం చేస్తాను? ఎట్లాగూ గ్యాస్ పైపు కాపలా ఉంది కదా అనుకున్నాను. కథ చెప్పిన నేనే ఆ కథను నమ్ముకుని షాపులో కూర్చున్నాను.

దోస్తు పని మాత్రం బాగా చేశాడు. అరిగిన ఇనుమంతా కోసి పారేశాడు. మన్నెగూడ లేత్ షాపులో రెండు మందపాటి ఇనుప రింగులు తిప్పించి, గొట్టానికి రెండు పక్కలా కూర్చి చుట్టూ వెల్డింగు పోశాడు. ఇరుసులో సాగిన చిల్లును కూడా నింపి, సాపుగా గీకి, కొత్తగా డ్రిల్లు కొట్టాడు. కరెంటు పోతూ వస్తూ ఉండడంతో ఆ పని మర్నాటి మధ్యాహ్నం దాకా సాగింది. అంతా అయ్యాక మళ్ళీ చిటికెన వేలంత బోల్టు దూర్చాడు. వేలితో ఊపి చూశాను. కదల్లేదు.

"ఇంత సన్నది ఆగుతదా?" అన్నాను.

"రాయి తగిలితే అదే తెగాలె. అది తెగకపోతే గేర్‌బాక్సు పగులుతది. లావు బోల్టు ఏసుడు మొగతనం కాదన్నా, బేకారుతనం."

చెలక చేరేసరికి పొద్దు వాలుతోంది. గెట్టు లేదు. సీతాఫలం చెట్లు వేళ్ళతో సహా ఒక మూల కుప్పగా పడి ఉన్నాయి. నా వంకాయ సాళ్ళ మీదికి రెండు గజాల మేర ఎర్రమట్టి సాపుగా పరుచుకుంది. ఆ మట్టిలో ముగ్గు గీత, గీత మీద వరసగా గుంతలు, గుంతల్లో వెంచర్ వాళ్ళ కడీలు. గుంతలు ఎవరు తీశారో ఎవరినీ అడగనక్కర్లేదు. తమ్ముడు తన నెలలో తీసి, నాకు కనపడకుండా పైన ఆకులు, కొమ్మలు కప్పి ఉంచిన పాత గుంతలే అవి.

జేసీబీ డ్రైవరు దూరం నుంచే చేతులూపాడు. "నన్నెందుకు తిడ్తవే అన్నా? పైపు లేదు గియిపు లేదన్నడు మీ తమ్ముడు. మా అన్న ముచ్చట్ల సగం తీసెయ్యిండ్రి, మిగిలిన సగం గూడ నమ్మకుండ్రి అన్నడు."

సూపర్వైజరు దగ్గరికి పోయాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు. "నీ గెట్టు ఏడున్నదో సూపియ్యి పెద్దాయనా, ఇప్పుడే జరుగుత," అన్నాడు. నేను సాపు మట్టి వైపు వేలు చూపించాను. అతను నా వేలు చూసి నవ్వాడు. సర్వేకు అర్జీ పెట్టుకున్నాను. దాని సంగతి అడిగినప్పుడల్లా వస్తారనే అంటున్నారు.

మిగిలింది కూడా పోకుండా, ఆ కడీలకు ఇవతల నా కడీలు నేను పాతుకున్నాను. బర్మా వెన్నలోకి దిగినట్టు దిగింది. ఒక్క గుంత వంకర పోలేదు, ఒక్క బోల్టు తెగలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అంత నిటారు కంచె నేను వేయలేదు. వేయకూడని చోట వేశాను, అంతే.

నెల తిరిగాక తమ్ముడు ట్రాక్టరు కోసం వచ్చాడు. వంగి కొత్త రింగులు తడిమి చూశాడు. "మస్తు చేపిచ్చినవే అన్నా," అన్నాడు. వాడి కళ్ళలో నిజంగానే సంతోషం ఉంది. అది చూసి నాకు ఒళ్ళు మండింది.

వాడు ట్రాక్టరు ఎక్కి కూర్చున్నాడు. వెనక బోల్టుకు నట్టు కాస్త వదులుగా కనిపించి నేను పానా పట్టి బిగిస్తున్నాను. అప్పుడే అవతలి పక్క కారు ఆగింది. ప్లాట్లు చూపించే బ్రోకరు దిగాడు, వెనకే ఒక జంట. బ్రోకరు నా కంచె వైపు చెయ్యి చాపాడు.

"సార్, రోడ్డు సంగతి చూసిండ్రు కదా. ఇగో, గ్యాస్ లైను గూడ ఈడికెల్లే పోతది. రేపు ఇంటింటికి కనెక్షన్ ఇస్తరు. గందుకే ఈ వరస ప్లాట్లకు గిరాకి."

ప్లాటు చూడవచ్చిన ఆయనకు అనుమానం వచ్చినట్టుంది. కంచె దగ్గరికి వచ్చి ట్రాక్టరు మీదున్న మా తమ్ముణ్ణి అడిగాడు. "బాబూ, మీరిక్కడివారేనా? గ్యాస్ లైను నిజమేనా?"

మా తమ్ముడు నా వైపు చూడలేదు.

"అవ్ సార్. మా అన్నకు మంచిగ ఎరుక. అడుగుండ్రి, మా అన్న అబద్ధం చెప్పడు."

నేను బిగిసిపోయిన నట్టునే ఇంకా బిగిస్తూ ఉండిపోయాను.