అడిగి తెచ్చిన నిప్పు

నా చిన్నప్పుడు మా రెంటచింతల వైపు ఆడపిల్ల మెడలో స్కార్ఫు కట్టుకుని, ఈల ఊదుకుంటూ వీధిలో నడిస్తే అందరూ గడపల్లోకి వచ్చి చూసేవాళ్ళు. మా బళ్ళో కన్యాస్త్రీలు గైడ్స్ దళం నడిపేవారు. ముడులు వేయడం, దెబ్బకు కట్టు కట్టడం, జెండాను మర్యాదగా ఎగరేసి దించడం, రోజుకొకరికైనా పనికిరావడం అక్కడే నేర్చుకున్నాం. పరీక్ష నెగ్గిన కొద్దీ చొక్కాకు బిళ్ళ తగిలించుకుంటూ మెట్టు మెట్టుగా పైకి వెళ్ళాలి. నేను రెండో మెట్టుకు సిద్ధమవుతున్నాను. దానికి ఆరుబయట రెండు అగ్గిపుల్లలకు మించకుండా పొయ్యి రాజేసి, వంట చేసి, ఒక అతిథికి అన్నం పెట్టాలి.

మా నాన్నకు ఇదంతా నచ్చేది కాదు. "ఆడపిల్లకి ఈ ఈలలు, ఈ గంతులు ఏందమ్మా? ఈసారి బిళ్ళ తెచ్చుకుంటే సరే. లేదంటే ఇంతటితో చాలు" అని తేల్చి చెప్పేశాడు. మా దళాన్ని నడిపే పెద్ద సిస్టర్‌గారికి ఆ సంగతి తెలుసు. అందుకేనేమో, మా జట్టుకు అతిథిగా ఆయన్నే పిలిచారు. కాదంటే బాగుండదని నాన్న సరేనన్నాడు.

ఈస్టరు, మా మాటల్లో పాస్కు పండుగ, దాటింది. చేలల్లో మిరపకోతలు కూడా అయిపోయాయి. మేం గుడి అని పిలుచుకునే చర్చి వెనక ఖాళీ స్థలంలో జట్టుకో పొయ్యి. కట్టెపుల్లలు ఎవరివి వాళ్ళే ఏరుకోవాలి. మా జట్టు పిల్లలం పక్క చేలో పీకి పడేసిన మిరపకట్టె మోపు కట్టి తెచ్చాం. ఎండకు పెళపెళలాడుతోంది, ఇట్టే అంటుకుంటుందని మా ధీమా. కొమ్మల్లో అక్కడక్కడా మిగిలిపోయిన ఎండుకాయల్ని ఎవరమూ చూడలేదు.

మొదటి పుల్లకే భగ్గున అంటుకుంది. మేం చప్పట్లు కొట్టేలోగా ఘాటు లేచింది. గుంటూరు నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చిన టీచరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏందే పిల్లల్లారా, నన్ను పొగబెట్టి పంపిద్దామనా?" అని దగ్గుతూ దూరంగా పరుగెత్తింది. చుట్టూ అన్ని జట్లూ తుమ్ములే తుమ్ములు. పక్క పొయ్యికి మా పక్కింటి అక్క నాయకురాలు. నాకంటే ఒక తరగతి పెద్దది, నోరు చురుకు. "ఒసేయ్, వంట చేయమంటే దిష్టి తీస్తారేందే!" అని అరిచింది. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. అది ఘాటు వల్లేనని అందరికీ చెప్పుకున్నాను.

ఇసుక పోసి ఆర్పేశాం. పొయ్యి శుభ్రం చేసి పత్తికట్టె పేర్చి, నేను రెండో పుల్ల గీశాను. వడగాలి ఒక్క విసురు విసిరింది. ఆరిపోయింది. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "నిప్పు పరీక్ష తప్పావమ్మా, మళ్ళీసారి చూద్దాం" అని మెత్తగానే చెప్పింది.

నా వరకు మళ్ళీసారి అనేది లేదు. పొలం నుంచి వచ్చిన నాన్న వేపచెట్టు నీడన తువ్వాలుతో విసురుకుంటూ కూర్చుని ఉన్నాడు. కడిగిన బియ్యం, పెసరపప్పు గిన్నెలో అలాగే ఉన్నాయి.

అప్పుడు సిస్టర్‌గారు వచ్చి ఒక పిడక ముక్క నా చేతిలో పెట్టారు. "పరీక్ష అయిపోయింది. అతిథి ఆకలి అయిపోలేదుగా. పోయి పక్క పొయ్యిలో నిప్పు అడుగు" అన్నారు. ఆ రోజుల్లో మా వీధిలో పొద్దున్నే ఎవరి పొయ్యి ముందు రాజుకుంటే మిగతా ఇళ్ళవాళ్ళు పిడక పట్టుకుని వాళ్ళింటికే వెళ్ళేవాళ్ళు. అమ్మ పంపితే నేనూ ఎన్నోసార్లు వెళ్ళాను. కానీ అందరూ చూస్తుండగా, నన్ను వెక్కిరించిన అక్క దగ్గరికా? నేను కదల్లేదు.

"ప్రభువంతటివాడు దాహమై, బావి దగ్గర పరాయి ఊరి ఆడమనిషిని నీళ్ళు అడిగాడు. ఆయనకు లేని నామోషీ నీకెందుకు? సరే, నువ్వు పోతావా, నన్ను పొమ్మంటావా?" అంటూ ఆవిడే పిడక అందుకోబోయారు. ఊరంతా కాళ్ళకు మొక్కే పెద్దావిడ నా కోసం నిప్పు అడుక్కోవడమా? నేను పరుగెత్తాను.

అక్క ఎర్రబడ్డ కళ్ళతో నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత కణకణలాడే నిప్పులు తీసి పిడక మీద పెట్టింది. తన కందికట్టె మోపులోంచి సగం లాగి నా చంకలో కుక్కింది. "మళ్ళీ మిరపకట్టె వేశావో, నా నిప్పు నేను తీసేసుకుంటా!" అంది. ఈసారి నేనూ నవ్వాను.

పులగం అడుగంటింది. అయినా నాన్న మారు వడ్డించుకుని తిన్నాడు. సిస్టర్‌గారు దగ్గరికి వచ్చి, "మీ అమ్మాయి ఇవాళ తప్పింది" అని ఏదీ దాచకుండా చెప్పారు. నేను తల దించుకున్నాను. నాన్న చెయ్యి కడుక్కుని, పక్క పొయ్యి వైపు ఒకసారి చూసి, "చూశాగా సిస్టరమ్మా. మళ్ళీ పరీక్ష ఎప్పుడంట?" అన్నాడు.

ఆ బిళ్ళ తర్వాత వచ్చింది, ఆ పై మెట్లూ ఎక్కాను. నాకు అందులో మిగిలింది మాత్రం ఆ మధ్యాహ్నమే. చేతనైనది ఇవ్వాలని గుడిలో ఎన్నో ప్రసంగాలు విన్నాను. చేతకానప్పుడు అడగడం కూడా భక్తేనని, అడిగితేనే ఎదుటి మనిషికి మంచి చేసే వీలు దొరుకుతుందని సిస్టర్‌గారి దగ్గరే తెలుసుకున్నాను. ఇప్పుడు మోకాళ్ళు సహకరించడం లేదు. ఆదివారం పొద్దున్నే గుడికి వెళ్ళడానికి గోడ మీదుగా పక్కింటి మెకానిక్ భాయిగారి కోడల్ని పిలుస్తాను. రంజాన్ ఉపవాసాల్లో ఉన్నా ఆ పిల్ల స్కూటీ బయటికి తీస్తుంది. "ఎక్కు అమ్మమ్మా, గంట కొట్టేస్తున్నారు" అంటుంది. పూజలో నా మొదటి ప్రార్థన ఆ ఇంటి కోసమే.