తప్పు ఒప్పుకోవడానికి గుంటూరు బస్సెక్కిన రోజు

ముందుగా మన్నించండి. నా చేతిరాత కోడి కెలికినట్టుంటుంది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతాయి. ఊళ్లో ఐదో తరగతితో నా చదువు సరి. నోటుపుస్తకంలో రాసిస్తే మనవరాలు కెజియా టైపు చేసి ఇక్కడ పెడుతోంది. పిల్లలు పనిచేసే ఆఫీసు ఒకసారి చూసి రావాలని నా వయసువాళ్లకు చాలామందికి ఉంటుంది. అలా వెళ్లేవాళ్ల కోసం ఈ నాలుగు ముక్కలు.

కెజియా గుంటూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తుంది. రోజూ ఊరి నుంచే బస్సులో వెళ్లి వస్తుంది. కోల్డ్ స్టోరేజీకి మిర్చి బస్తాలు తెచ్చిన రైతుకిచ్చే చీటీ వీళ్ల సాఫ్ట్‌వేర్ నుంచే వస్తుంది. ఒక సోమవారం తను పంపిన మార్పు వల్ల రెండు గంటలు చీటీలు ఆగిపోయాయి. ట్రాక్టర్లు ఎండలో బారులు తీరాయి. మార్పు వెనక్కి తీసేసి ఎట్లాగో నడిపించారు. దాని మీద మర్నాడు పదిన్నరకు మీటింగ్. తను చేరి ఏడు నెలలే. "ఉద్యోగం తీసేస్తారేమో తాతయ్యా, తోడు రావా" అంది.

ఆరున్నరకు ఆటో ఎక్కి, సత్తెనపల్లిలో ఏడుంబావు బస్సు అందుకున్నాం. గుంటూరుకు గంటంబావు, మహా అయితే గంటన్నర. ఆడవాళ్లకు టిక్కెట్టు ఉచితం. నాకు ఆధార్ చూసి పావు వంతు తగ్గించారు. దారి పొడవునా కళ్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది. కిటికీ తెరిస్తే ఘాటు, మూస్తే ఉక్క.

"ఇంతకీ ఏం చేశావమ్మా?" అన్నాను.

"మార్పు పంపేముందు ట్రయల్ వెయ్యాలి. నలభై నిమిషాలు పడుతుంది. తొందరలో వెయ్యలేదు. పంపింది నేనని అందరికీ తెలుసు. ట్రయల్ వెయ్యలేదని మాత్రం నాకొక్కదానికే తెలుసు."

నేను ముప్పయ్యెనిమిదేళ్లు పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టర్ని. మా దగ్గర ఏది చెడినా కరెంటు మీదకు తోసేవాళ్లం. ఆ విద్యే చెప్పాను. "నెట్టు పోయిందను. అడిగితేనే నోరు విప్పు."

కండక్టర్ విన్నాడు. "పెద్దాయనా, పిల్లకు మంచి బుద్ధులే నేర్పుతున్నావే!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను తలొంచుకుని కూర్చున్నాను.

బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, షేర్ ఆటోలో ఇరవై రూపాయలిచ్చి ఆఫీసుకు చేరేసరికి తొమ్మిదిన్నర. మీటింగ్ వేళకు బయట కుర్చీలో కూర్చోబోతే, వాళ్ల పెద్ద సుభాషిణి గారు పిలిచారు. "లోపలికి రండి తాతగారూ. ఇక్కడ దాచేదేం లేదు."

లోపల ఆరుగురు. ఆవిడ బోర్డు మీద రెండు ప్రశ్నలు రాశారు. ఏం జరిగింది? ఎందుకు జరగగలిగింది? ఎవరు చేశారన్న ప్రశ్న రాస్తారేమోనని చూశాను. రాయలేదు.

కెజియా లేచింది. ఒకసారి నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"నేను ట్రయల్ వెయ్యలేదండీ" అంది.

ఎవరూ అరవలేదు. ఆ సాఫ్ట్‌వేర్ నడిచే మిషన్లు చూసుకునే నాగరాజు అనే అతను గడ్డం గోక్కున్నాడు. నిన్న ఫోన్లన్నీ ఎత్తింది అతనే. "రైతులు నన్ను తిట్టిన తిట్లు రాస్తే పుస్తకమవుద్ది. అయినా నలభై నిమిషాలంటే నేనే రెండుసార్లు ఎగ్గొట్టా. దాన్ని పది నిమిషాలకు తేవాలి. ట్రయల్ వెయ్యకుండా పంపితే మిషనే తీసుకోకూడదు" అన్నాడు.

"ఇది మొన్ననే చెబితే నాకీ తిప్పలు ఉండేవి కాదుగా అన్నా!" అంది కెజియా. అందరూ నవ్వారు. తనూ నవ్వింది.

"సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లూ దాన్ని నడిపేవాళ్లూ ఒక్క జట్టు, తాతగారూ. దీన్నే డెవాప్స్ అంటారు" అన్నాడు నాగరాజు. "మొదట్లో దానికోసం ఏవేవో సాఫ్ట్‌వేర్లు కొన్నాం. ఒకళ్లనొకళ్లం తిట్టుకోవడం మాత్రం మానలా. అందుకే అవీ పని చెయ్యలా."

"మీ మిల్లులో ఎట్లా ఉండేదండీ?" అని సుభాషిణి గారు నన్నడిగారు. నాకు నలుగురిలో మాట రాదు. "కరెంటు పోయిందనేవాళ్లమమ్మా" అన్నాను. మళ్లీ నవ్వులు. ఈసారి నేను తలొంచుకోలేదు.

మూడున్నరకు ఆ మార్పునే సరిచేసి మళ్లీ పంపాలి. వేరేవాళ్లకిస్తారనుకున్నాను. "కెజియా, నువ్వే పంపమ్మా" అన్నారావిడ. నాగరాజు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ట్రయల్ నడిచినంతసేపూ, నలభై నిమిషాలూ, ఇద్దరూ కదల్లేదు. తర్వాత పంపింది. కాసేపటికి కోల్డ్ స్టోరేజీ నుంచి ఫోను. "ఆ, చీటీ వస్తందమ్మా, ఇంక ఫోను పెట్టేస్తన్నా."

మా మిల్లులో మిషన్లు మూడుసార్లు మారాయి. ప్రతిసారీ కొత్తదీ పాతదానిలాగే పాడయ్యేది. ఎందుకో ఇన్నేళ్లకు తెలిసింది. తప్పు చేసినవాడు చెప్పేవాడు కాదు, చెబితే జీతం కోసేవాళ్లు. ఇరవై నాలుగేళ్ల పిల్ల నా సలహా వినకుండా నిలబడి చెప్పింది. ఆ గది కూడా నిజం చెప్పడానికి తగ్గట్టుంది. పిల్లా గొప్పదే, గదీ గొప్పదే.

ఒక్క మాట. మిర్చి సీజన్లో సాయంత్రం ఐదు దాటాక గుంటూరులో బయల్దేరకండి, మిర్చి యార్డు వైపు లారీలు కదలనివ్వవు. నాలుగున్నర బస్సే మేలు. మీ పిల్లల ఆఫీసులో తప్పు జరిగితే ఏం చేస్తారో తెలుసుకుని నాకు రాయండి. తొందరగా రాయండి, అక్షరాలు ఇంకా కళ్లకు ఆనుతున్నాయి.