ఆరు తీగల జ్ఞానమ్మ

జ్ఞానమ్మ నోటికి పేటంతా జడిసేది. ఆవిడ మాత్రం ఎవరికీ జడిసేది కాదు. ద్రాక్షారామం వెళ్లే కాలవ గట్టు పక్కన వాళ్ల పేట. చిన్నప్పట్నుంచీ ఊడ్పులకీ కోతలకీ వెళ్లిన మనిషి. పెళ్లయ్యాక కొన్నాళ్లు రాజమండ్రిలో మిషను దొరసాని గారి పిల్లల్ని ఎత్తుకునే పనికి కుదిరింది. గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. పిల్లల్ని ఆడిస్తూ ఆడిస్తూనే దొరసాని దగ్గర గిటారు వాయించడం పట్టేసింది. దొరసాని ఓడెక్కేముందు ఆ గిటారు జ్ఞానమ్మ చేతుల్లో పెట్టి, "ఇది నీది" అంది. పన్నెండు తీగల గిటారు, రెండేసి తీగల చొప్పున ఆరు జంటలు. అలాంటిది జిల్లాలో ఇంకోటి లేదని జ్ఞానమ్మ చెప్పుకునేది. ఎవరు వెతికి చూశారు గనక!

పేటకి తిరిగొచ్చాక ఆదివారం పాటలకి ఆ గిటారే ఆధారమైంది. అక్కడి ఉపదేశి లాజరు గారు మంచివాడే, కాకపోతే కంటబడిన ప్రతిదాంట్లోంచీ ప్రసంగం తీస్తాడు. ఓ ఆదివారం గిటారు వంక చెయ్యి చూపించి, "ఈ పన్నెండు తీగలూ ప్రభువు పన్నెండుగురు శిష్యులు" అన్నాడు. అనేసి ఊరుకున్నాడా! ఒక్కో తీగకీ ఒక్కో పేరు పెట్టాడు. ప్రభువుని పట్టిచ్చిన యూదా పేరు ఏ తీగకి పెట్టాలో పాలుపోక, అతని బదులు ఎన్నికైన మత్తీయని తెచ్చి సర్దాడు. జనానికి ఇది భలే నచ్చింది. శ్రుతి తప్పితే "తోమా వదులయ్యాడు" అనేవారు. తీగ తెగితే ముసలమ్మలు బుగ్గలు నొక్కుకునేవారు.

ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. గిటారు బొజ్జ ఉబ్బింది. తీగల్ని పట్టి ఉంచే చెక్క అడుగునుంచి లేచిపోయింది. వడ్రంగి బంక పెట్టి అతికించాడు గానీ, పన్నెండూ కలిసి లాగితే మళ్లీ ఊడొస్తుందని చెప్పాడు. జ్ఞానమ్మ రెండు రోజులు ముఖం ముడుచుకు కూర్చుని, చివరికి జంటకో తీగ చొప్పున తీసేసింది. ఆరే మిగిల్చింది. బిరడల్లో సగం ఉత్తవే. జంట తీగల గలగల పోయింది, అది నిజం. అందుకు ఆవిడ ఏడ్చింది కూడా. కానీ పాట తేటగా పలికింది, చెక్క నిలబడింది. ఆవిడకి అది చాలు.

లాజరు గారికి చాలలేదు. జ్ఞానమ్మ ఆరుగురు శిష్యుల్ని పీకి పారేసిందని పేటంతా గోల. పైగా కోతపండగకి కొత్త మిషను దొర వస్తున్నాడు. ఉపదేశి గారు జ్ఞానమ్మ ఇంటికే వచ్చారు.

"పండగనాటికి పన్నెండూ ఉండాలి జ్ఞానమ్మా. లేదంటే గిటారు గుడికి అప్పజెప్పు. బిగించేవాళ్లు బిగిస్తారు, వాయించేవాళ్లు వాయిస్తారు."

"బిగిస్తే ఊడిపోద్దండి."

"విశ్వాసముంటే ఊడదు."

"విశ్వాసం నాకుందండి. చెక్కకి లేదు."

ఆయన విసురుగా వెళ్లిపోయాక మొగుడు చిట్టియ్య గొణిగాడు. "పెద్దాళ్లతో మనకెందుకే, ఇచ్చెయ్యరాదా?"

"నా చేతిలో పెట్టినదాన్ని నేను బతికుండగా ఇంకోళ్ల చేత విరగ్గొట్టించను" అంది జ్ఞానమ్మ. అనైతే అంది గానీ లోపల్లోపల భయం పట్టుకుంది. గిటారు పోతే పాట పోతుంది. పాట పోతే తనకి మిగిలేది కొడవలి ఒక్కటే.

కోతపండగ నాడు ఆడవాళ్లు వరి పనలు నెత్తిన పెట్టుకుని పాడుతూ గుళ్లోకి వస్తారు. పాట అయ్యేదాకా పన దించకూడదు. అది పేట కట్టడి. పాట ఎత్తేదీ ముగించేదీ జ్ఞానమ్మే. ఆ పొద్దున ఆవిడ ఆరు తీగలతో ముందు నడిచింది, వెనకాల పనల వరస. లోపల దొర కుర్చీలో కూర్చున్నాడు. గుమ్మంలో లాజరు గారు అడ్డం నిలబడ్డారు.

"ఎవర్ని ఉంచావు, ఎవర్ని గెంటావు? పేర్లు చెప్పి లోపలికి రా."

"మీరు పెట్టిన పేర్లన్నీ తీసేశానండి. సిలువ దగ్గర నిలబడ్డవాళ్లనే ఉంచుకున్నాను. ప్రభువు తల్లి మరియమ్మ, ఆవిడ తోబుట్టువు, క్లోపా పెళ్లాం మరియ, మగ్దలేనే మరియ, సలోమే. శిష్యులు ఆ రోజు పారిపోయారు కదండీ!"

"యోహాను ఉన్నాడు!" అని అరిచారు లాజరు గారు.

"ఉన్నాడండి. ఆరోది ఆయనదే."

ఆడవాళ్ల నవ్వుకి నెత్తి మీద కంకులు గలగల్లాడాయి. లాజరు గారి ముఖం జేవురించింది. "నిన్ను మాత్రం రానివ్వను. మిగతావాళ్లు రండి" అన్నారు.

ఎవరూ కదల్లేదు. జ్ఞానమ్మ గుమ్మం ముందే నిలబడి పాట ఎత్తుకుంది. చరణాలన్నీ అయ్యాయి, ఆఖరిది తప్ప. దాని జోలికి పోకుండా మళ్లీ మొదటి చరణానికి వచ్చింది. మెడలు నొప్పెడుతున్నా ఒక్కరూ పన దించలేదు. ఆవిడ వేళ్లు మండుతున్నాయి, గొంతు బొంగురుపోయింది, భయం మాత్రం ఎటో పోయింది. చిట్టియ్య జనంలోంచి వచ్చి ఆవిడ పక్కన నిలబడి గొంతు కలిపాడు. ఆయన గొంతు అస్సలు బాగుండదు. లోపల దొర కుర్చీలోంచి లేచి, పనలు ఇంకా రావేమని అడిగాడు.

లాజరు గారు పక్కకి జరిగారు.

జ్ఞానమ్మ వాయిస్తూనే ఆయన్ని దాటుకుని వెళ్లింది. ప్రభువు బల్ల ముందు నిలబడి, వరసలో చివరి మనిషి కూడా గుమ్మం దాటేదాకా చూసి, అప్పుడు ఎత్తుకుంది ఆఖరి చరణం.