పసివాడి మెడలో రోమన్ చక్రవర్తి

అరకు చూడ్డానికి వెళ్లేవాళ్లున్నారు, భీమిలి చూడ్డానికి వెళ్లేవాళ్లున్నారు. నేను ఒక పసివాడి మెడ చూడ్డానికి బయల్దేరాను. స్టీల్‌ప్లాంటు వాళ్ల ఉక్కునగరంలో మా పక్క క్వార్టర్ రమణ బావ వాట్సాప్‌లో మేనల్లుడి ఫొటో పెట్టాడు. అందరూ బోసినవ్వు చూశారు. నేను మాత్రం మెడలో నల్లతాడుకు వేలాడుతున్న రోమన్ వెండి నాణేన్ని చూశాను. అలాంటివి నా దగ్గర నాలుగున్నాయి. నాణేల ఆల్బమ్‌లో ఐదో అర ఖాళీగా ఉండి రోజూ నన్ను నిలదీస్తోంది. “మాయమ్మనడుగు, ఇచ్చేత్తాది” అన్నాడు బావ. ఇంకేం, అర నిండినట్టే అనుకున్నాను.

ఆదివారం ఏడింటికి కూర్మన్నపాలెంలో బస్సెక్కి, మద్దిలపాలెంలో మారి, తొమ్మిదిన్నరకల్లా తగరపువలసలో దిగాను. బస్సులకు వంద లోపే అయింది. అక్కణ్ణుంచి బావ వాళ్లమ్మ ఉండే పద్మనాభానికి షేర్ ఆటో. నిండేదాకా అది కదలదు కాబట్టి ఇడ్లీ తీరిగ్గా తినొచ్చు.

“పద్మనాభంలో ఏటి పని బావూ?” అన్నాడు డ్రైవర్.

“ఒక చక్రవర్తిని కలవాలి.”

“ఏ పార్టీ?”

రమణ వాళ్లమ్మ అప్పలనరసమ్మత్త అరుగు మీదే ఎదురైంది. చేతిలో నాణెం తళతళలాడుతోంది. “నువ్వొత్తన్నావని సింతపండెట్టి తోమీసినాను బావూ” అంది. వెండికి ఏళ్ల తరబడి పట్టిన నలుపే నాణేలు పోగేసే మా బోటివాళ్లకు ప్రాణం. ప్రతి పిల్లాడి బారసాలకూ ఇలాగే తోముతారట. చక్రవర్తికి ముక్కు ఎప్పుడో అరిగిపోయింది. అయినా నాకు కావాలన్నాను.

“పట్టుకెల్లు, దాన్దేముంది” అందామె.

ఆ ఉత్సాహంలో, పెళ్లివారికి కొత్త ఇల్లు చూపించినట్టు వెంట తెచ్చుకున్న ఆల్బమ్ తెరిచి చూపించాను. అత్త పేజీలు తిప్పి, ప్లాస్టిక్ కవర్లలోని చక్రవర్తుల్ని చూసింది.

“ఈలంతా ఇక్కడేటి సేత్తన్నారు?”

“ఏం చెయ్యరత్తా. ఊరికే ఉంటారు.”

“మాయింట్లో ఇదే అందరి పిల్లలకీ దిష్టి కాసింది. పన్జేసేవోడ్ని తీసుకెల్లి కవర్లో కూకోబెడతావేటి?” అంటూ నవ్వుతూనే నాణేన్ని మనవడి మెడలో కట్టేసింది. “సేపల పులుసుంది, తినెల్లు.”

తిన్నాను. దుఃఖంలోనూ రెండోసారి వడ్డించుకున్నాను.

ఐదో అర ఇంకా ఖాళీగానే ఉంది. ఇప్పుడది నన్ను నిలదీయడం లేదు. నా నలుగురూ ఎప్పుడో రిటైరైనవాళ్లు. ఐదోవాడు ముక్కు లేకపోయినా ఇంకా డ్యూటీలో ఉన్నాడు. షిఫ్టులో ఉన్న మనిషిని బయటికి లాగకూడదన్న ఆమాత్రం జ్ఞానం ఉక్కునగరంలో పెరిగినవాడికి ఉండాలి. మీరూ ఇలాంటి నాణెం కోసం వెళ్తుంటే, తోమొద్దని ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. ఆల్బమ్ మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్లండి.