బోర్డు మీద కట్టిన ఫ్లెక్సీ

గాజువాక నుంచి అచ్యుతాపురం కంపెనీలకి షిఫ్ట్ బస్సు తోల్తన్నాను నాను. ఆ దారిలో ఒక మలుపుంది. మలుపు తిరగ్గానే ఎడం పక్క, కంపెనీ గోడ అయిపోయిన కాడ, ఊళ్లోంచి ఒక సందు వచ్చి రోడ్డులో కలుస్తాది. గోడ అడ్డమొచ్చి సందు ఉన్నట్టే అగుపించదు. ఆ ఊరు మా అత్తోరిది కాబట్టి నాకు తెలుసు. తెలీనోడికి, ముందు సందుందని సెప్పే బోర్డు మలుపు ముందుంది, అదే దిక్కు.

ఆ బోర్డు కోసం ఊరోళ్లంతా రోడ్డు మీద కూకొని ధర్నా సేసారు. అందరికంటే ముందు కూకున్నది మా బావే, నా పెళ్లాం అన్న. అలాంటోళ్లు అమ్మోరి పండగొచ్చిందని ఏటి సేసారో తెలుసా? ఊరు మొత్తంలో ఇంకో స్తంభమే లేనట్టు ఫ్లెక్సీ తెచ్చి ఆ బోర్డుకే కట్టారు. పైన అమ్మోరు, కింద దణ్ణం పెడతా మా బావ. బోర్డు మాయం. ఆ రోజు పొద్దున్న షిఫ్టుకి వెళ్తా అది సూసేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. మన గొయ్యి మనమే తవ్వుకోడమంటే ఇదే కదా!

గేరు తగ్గించి, హారన్ కొట్టి మలుపు తిరిగాను. గోడ సివర్నించి స్కూటీ ముందు సక్రం బయటికొచ్చింది. బ్రేకు నొక్కాను. బస్సు నెమ్మదించింది కదాని స్కూటీ రోడ్డు దాటడానికి కదిలింది. అద్దంలో సూద్దును కదా, వెనకాల ఇనప సుట్టలేసుకొని వత్తన్న లారీ నన్ను దాటేద్దామని కుడి పక్కకి వచ్చేసింది. ఓలమ్మో! మధ్యన నా బస్సు. లారీవోడికి స్కూటీ కనబడదు, స్కూటీకి లారీ కనబడదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

స్టీరింగు మొత్తం కుడికి కోసేసాను. బస్సు రోడ్డుకి అడ్డంగా నిలబడిపోయింది. లోపల ఒకటే కేకలు. లారీ బ్రేకులు కీసుమన్నాయి, రబ్బరు కాలిన కంపు, వెనకాల ధబీమని ఒక గుద్దు. దేవుడి దయ, ఎవలికీ ఏటీ అవలేదు. టిఫిను డబ్బాలు దొర్లాయంతే.

లారీ డ్రైవరు గోదావరాయన. దిగీ దిగ్గానే ఎగిరాడు. "ఏవండీ, అలా అడ్డంగా తిప్పేస్తారేంటండీ? సందున్నట్టు ఒక్క బోర్డైనా ఉందాండీ?"

"బోర్డు కనబడలేదు సరే, మలుపు కనబడలేదేటి?" అన్నాను. "ముందెళ్తన్న బస్సు ఊరికే ఆగుతాదేటి? ఎందుకాగిందో అని ఒక్క క్షణం ఆగలేవా?"

ఆయన లారీ ముందుకి పోయి గుద్దు సూసుకున్నాడు. గుద్దు సప్పుడికి సందులోంచి మా బావ పరిగెత్తుకొచ్చాడు. ఫ్లెక్సీ కాడికి పోయి తాడు పీక్కుంటన్నాడు. ముడి రాక పళ్లతో కొరుకుతన్నాడు.

నాను బస్సు ముందుకొచ్చాను. బెదిరి పడేసిన స్కూటీ పక్కన కూలబడి ఉన్నది నా పెళ్లాం. పండక్కని పుట్టింటికొచ్చి ఉంది.

"నానని సూసే బస్సు అడ్డం పెట్టావా?" అంది.

"నువ్వని తెలీదే. సక్రమొక్కటే అగుపించింది. నువ్వని తెలిసుంటే నాకు కాలూ సెయ్యీ ఆడేది కాదు" అన్నాను.

అంటంటేనే దాని పక్కన రోడ్డు మీద కూకుండిపోయాను. బస్సులోంచి ఎవరో దిగొచ్చి, బస్సు పక్కకి తీద్దామని నా సేతిలో తాళం తీసుకున్నారు.