దండి దుడ్డెకు తల్లి గొంతు

ఆవు అరుపును "అంబా" అని ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు. బర్రె అరుపును రాతలో పెట్టినవాణ్ణి, ఇన్ని ఊళ్లు తిరిగి ఇన్ని పుస్తకాలు చదివినా, నేను చూడలేదు. ఇబ్రహీంపట్నం నర్సమ్మ ఆ లోటు తీర్చింది, రాతతో కాదు, గొంతుతో!

తుక్కుగూడ నుంచి కోడలిగా వచ్చి నలభై ఏళ్లుగా బర్రెలు సాకుతున్న మనిషి. టీవీలో 'దండి దుడ్డె' అనే బొమ్మల సీరియల్ వస్తుంది; వీరుడు ఒక బర్రెదూడ. ఆదివారం పొద్దున వాడకట్టు పిల్లలంతా ఆమె ఇంట్లోనే. ఒకసారి తెర మీద దుడ్డె తల్లి అరవగానే నర్సమ్మ పకపకా నవ్వింది.

"గది ఆవు అరుపురా. బర్రె గట్ల ఒర్రుతదా?"

తానే ఒర్రి చూపించింది. పాల కోసం వాకిట్లో నిలబడ్డ హేమచంద్ర ముఖం మాడిపోయింది. ఆ సీరియల్‌కు శబ్దాలు కూర్చేది అతడే మరి! అయినా మంచివాడు. తప్పిపోయిన దుడ్డెను తల్లి పిలిచే ఘట్టం రాబోతోంది, ఆ పిలుపు మీరే ఇవ్వాలని అడిగాడు. నర్సమ్మ వాడకట్టంతా చెప్పుకుంది.

తీరా స్టూడియోలో, తలుపులు మూసిన చల్లటి గదిలో, మైకు ముందు గొంతు పెగల్లేదు. మూడుసార్లూ దగ్గే వచ్చింది. పావుగంటలో గది వేరేవాళ్లకి ఇచ్చేయాలి. పోనీ పాత అరుపే ఉంచుదామన్నాడు హేమచంద్ర. పిల్లలకు ఏ ముఖం చూపించాలి?

"ఆగు బిడ్డా. జర ఒక బకెట్ తెప్పియ్యి."

నేల తుడిచే బకెట్ దొరికింది. నర్సమ్మ గొంతుక్కూర్చుని దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుంది, కొంగు తలకు చుట్టుకుంది, లేని పొదుగును రెండు చేతులా పిండసాగింది. నిలబడి ఏనాడు బర్రెతో మాట్లాడింది గనక? అప్పుడొచ్చింది పిలుపు! అద్దం అవతల హేమచంద్ర కుర్చీలోంచి లేచిపోయాడు.

ఆ ఘట్టం వచ్చిన ఆదివారం నేనూ వాళ్ల గడప మీద కూర్చున్నాను. తెర మీద తల్లి పిలిచింది. పిల్లలు ఇంకా నోరు తెరవనే లేదు, కొట్టంలో ఏదో ఫెళ్లుమంది. నర్సమ్మ సాకుతున్న నెలదూడ, తనను కట్టిన గుంజ పెరుక్కుని, దాన్ని ఈడ్చుకుంటూ, నన్ను దాటి, పిల్లల్ని దాటి, నేరుగా టీవీకి మూతి ఆనించింది!

"ఓసి దొంగదానా, కన్నతల్లి పక్కనుండంగ నాకాడికొచ్చినవా?"

దాన్ని మళ్లీ కొట్టంలోకి తోలడానికి నలుగురు పిల్లలు పట్టారు.